నీళ్లు తాగని బిళ్ల

కిందటి వారం హరిచందనను ఎక్కడ వదిలి వచ్చామో గుర్తుంది కదా? గౌలిపురా గల్లీలో, శివయ్య ఇంటి ముందు, నీలం డ్రమ్ము మూత మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. ఆ గల్లీకంతటికీ తాగే నీళ్లు ఆ డ్రమ్ములోవే. నల్లా నీళ్లు పైన పోస్తారు. మధ్యలో ఒక జాలీ బుట్ట, అందులో హరిచందన తయారుచేసిన నల్లటి బిళ్లలు. నీళ్లు వాటి గుండా దిగి, మురికినీ క్రిములనూ అక్కడే వదిలేసి కింది కుళాయికి రావాలి. అలా వస్తాయని మాట ఇచ్చింది హరిచందనే. ఆ మాట నమ్మి గల్లీవాళ్లు నీళ్లు కాచుకోవడం మానేశారు. ఇప్పుడు శివయ్య, చంద్రమ్మల మనవరాలు మున్నీ వాంతులతో, విరేచనాలతో ఆస్పత్రిలో పడి ఉంది. తప్పు తన కొలిమిదేనేమో, బిళ్లలు సరిగ్గా కాలలేదేమో అని కుమిలిపోతూ హరిచందన ఆ పొద్దున డ్రమ్ము విప్పడానికి వచ్చింది.

మూత తీసింది. లోపల ఏముందో ఇక చెప్పక తప్పదు. అన్నం తింటూ చదివేవాళ్లు మాత్రం ముందు చెయ్యి కడుక్కుని రండి.

బుట్ట నిండా జిగురు. తెలుపూ కాదు, పసుపూ కాదు, జలుబు చేసిన పిల్లాడి ముక్కు కింద ఎండే రంగు. వేలితో తాకితే వేలి వెంటే తీగలా సాగి వచ్చింది. దాని కింద ఒక బొద్దింక కాలు, ఎవరివో రెండు వెంట్రుకలు, కుళ్లిన ఆకు ముక్క. ఇక ఆ కంపు! మోరీ కంపు ఒక్కటే అయితే ఆమె ఓర్చుకునేది, పాతబస్తీలో పుట్టి పెరిగిన పిల్లకు వానకాలం నల్లాలో మోరీ మురుగు కలవడం కొత్త కాదు. దాని అడుగున ఇంకో వాసన ఉంది. కడగని మూకుడులో నూనె ముక్కిపోతే వచ్చే కమురు వాసన. గోడ పట్టుకొని ఒకసారి ఉమ్మేసింది.

శివయ్య చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆ చెంబు నీళ్లు కూడా ఈ డ్రమ్మువేనా అని అడగబోయి ఊరుకుంది. చంద్రమ్మ రాత్రంతా ఆస్పత్రిలోనే ఉందని, మున్నీకి ఇంకా గ్లూకోజు ఎక్కుతోందని ఆయనే చెప్పాడు. ఒక్క మాట నిష్ఠూరం లేదు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

"ఈ డ్రమ్ము నీళ్లు ఎవ్వరూ ముట్టకుండ్రి కాకా. గల్లీల అందరికీ చెప్పు. నేను చెప్పేదాంక కాచుకొని తాగుండ్రి. మంచి బిళ్లలు నేనే తెచ్చి పెడ్త" అంది హరిచందన.

శివయ్య తలూపాడు. డ్రమ్మును ఇద్దరూ కలిసి మోరీలోకి వంచేశారు.

ఆమె ఒక బిళ్లను రాతి మీద పెట్టి, గోనె ముక్కతో జిగురంతా తుడిచి, పైన ఒక్క నీటి చుక్క వేసింది. మంచి బిళ్ల అయితే చుక్కను చుయ్‌మని పీల్చేసుకోవాలి. దాని గుణమే అది. మట్టి, కొబ్బరి చిప్పల బొగ్గు కలిపి కాల్చితే బిళ్లంతా గుల్లబారుతుంది. ఎండిన బీరపీచులో కంతలు ఎలా ఉంటాయో అలా, కాకపోతే ఇవి కంటికి కనబడవు. ఆ కంతల గోడలకు వెండి పూత ఉంటుంది, లోపలికి వచ్చిన క్రిమి బతకదు. సీసమో, అద్దకపు రంగో, మందుల ఫ్యాక్టరీ మడ్డో వస్తే ఆ గోడలకే అతుక్కొని ఉండిపోతుంది. చంపేదీ అదే, పట్టేదీ అదే. ఇందుకోసమే కదా హరిచందన మంచి ఉద్యోగం వద్దనుకొని, కంచన్‌బాగ్ వైపు ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకొని, కొలిమి ముందు మొహం నల్లబరుచుకున్నది.

చుక్క మాత్రం తామరాకు మీద ఉన్నట్టు నిలబడింది. బిళ్లను వంచితే జారి కింద పడింది.

రాయితో బిళ్లను పగలగొట్టింది. లోపల మసి పొడిలా ఉండవలసిన చోట నిగనిగలాడుతోంది. ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది. చిన్నప్పుడు తలంట్ల రోజు ఇల్లంతా వచ్చే వాసన. ఆముదం. తన షెడ్డులో ఆముదం చుక్క లేదు. షెడ్డు నుంచి బిళ్లలు వెళ్లేది ఒక్కచోటికే, సంచులకు ఎత్తడానికి ఉస్మాన్‌గంజ్‌లో పెద్దబాపు గోదాముకు.

పెద్దబాపు అంటే వెంకటనారాయణ, ఆమె తండ్రికి అన్న. పప్పుల హోల్‌సేల్‌లో ఆయన పేరు చెబితే గంజ్‌లో ఆటోవాళ్లు కూడా దుకాణం చూపిస్తారు. హరిచందన తండ్రి పోయాక ఆమెను చదివించింది ఆయనే, షెడ్డుకు పెట్టుబడి పెట్టిందీ ఆయనే. బిళ్లలకు 'ముత్యం బిళ్ల' అని పేరు పెట్టి, సంచుల మీద అచ్చు వేయించి, హోటళ్లకూ హాస్టళ్లకూ అమ్మిందీ ఆయనే. నల్లటి బిళ్లకు ముత్యం పేరేమిటని అప్పట్లో ఆమె నవ్వింది కూడా.

పగిలిన ముక్కలు కవర్లో వేసుకొని ఆటో ఎక్కింది.

గోదాములో పొద్దుటి బేరాలు అప్పుడే సద్దుమణిగాయి. హమాలీ సాయిలూ ఇద్దరు ఆడవాళ్లూ తాడిపత్రి పట్టా మీద కంది పప్పు కుప్ప పోసి, ఆముదం చిలకరిస్తూ రెండు చేతులా పాముతున్నారు. పురుగు పట్టకుండా, చూడ్డానికి మెరిసేలా పప్పుకు నూనె పట్టించడం గంజ్‌లో తాతల నాటి పని. అది తెలియనిది కాదు. ఆ కుప్ప పక్కనే, అదే తాడిపత్రి మీద, తన బిళ్లలు గుట్టగా ఉన్నాయి. నల్లగా, నిగనిగా, తలంటుకు కూర్చోబెట్టిన పిల్లల్లా.

సాయిలు ఆమెను చూసి చేతులు తుడుచుకుంటూ లేచాడు. పాపం, మొహంలో ఎంత సంబరమో.

"మీ బిళ్లలు మస్తు గుంజుతున్నయమ్మా నూనె. పప్పుకు ఒక్క చెయ్యి చాలు. వీటికి ఎంత పోసినా తాగుతనే ఉన్నయి" అన్నాడు.

తాగవూ మరి! తాగడానికే పుట్టిన బిళ్లలు. నీళ్లు తాగవలసిన నోళ్లన్నీ ఆముదంతో కుక్కేశాక ఇక నీళ్లు ఎలా పడతాయి? బిళ్లల సందుల్లోంచి మోరీ నీళ్లు మోరీ నీళ్లలాగే జారిపోయాయి. ఈమధ్య మార్చిన కొత్త బిళ్లలతో నీళ్లు తొందరగా దిగుతున్నాయని గల్లీవాళ్లు మెచ్చుకున్నప్పుడు తాను ఎంత మురిసిపోయిందో తలచుకుంటే హరిచందనకు తన మీద తనకే రోత పుట్టింది. పైగా ఆ నూనె క్రిములకు పెళ్లిభోజనం. చంపవలసిన చోటే వాటికి విస్తరి వేసి వడ్డించినట్టయింది.

ఇంతవరకూ దీన్ని పొరపాటు అనుకోవచ్చు. ఆమె కూడా అలాగే అనుకుంది. బిళ్లను బిళ్లలాగే సంచికి ఎత్తాలని, ఏమీ రాయకూడదని తాను ఎన్నడూ నోరు తెరిచి చెప్పలేదు. చెప్పవలసిన మాట అని కూడా తోచలేదు. పప్పు తప్ప మరో సరుకు ఎరగని గోదాము దాన్ని పప్పులాగే చూసింది, అంతే.

గుట్ట మీది నుంచి ఒక బిళ్ల తీసింది. తీశాక చెయ్యి అక్కడే ఆగిపోయింది. బిళ్ల అంచున ముదురు పసుపు చార. ఎండిపోయిన జిగురు. దానికి అంటుకొని ఒక పొడుగాటి వెంట్రుక. కొలిమిలోంచి వచ్చిన బిళ్లకు వెంట్రుక ఎక్కడిది? ఇంకో బిళ్ల తీసింది, దానికీ చారే. మూడోదాన్ని ముక్కు దగ్గరికి తెచ్చి వెంటనే విసిరేసింది. బ్లీచింగు వాసన, దాని కింద అదే మోరీ కంపు.

"ఇవి యాడియి సాయిలూ?"

హోటళ్ల నుంచి వాపసు వచ్చిన సరుకని, బ్లీచింగు నీళ్లలో కడిగి ఎండబెట్టమని సేటు చెప్పాడని, ఎండినవాటికి మళ్లీ నూనె పట్టిస్తున్నామని సాయిలు చెప్పుకొచ్చాడు. చెబుతూ చెబుతూ ఆమె మొహం చూసి మాట తగ్గించేశాడు.

వెంకటనారాయణ ముందు గదిలో గద్దె మీద కూర్చొని ఫోన్లో మాట్లాడుతున్నాడు. నుదుట కుంకుమ, వెనక గోడకు దేవుళ్ల పటాలు, ఊదుబత్తీ పొగ. రేపటి బోనాలకు గౌలిపురా మలుపులో ఆయన పెట్టిస్తున్న మంచినీళ్ల పందిరి గురించే మాటలన్నీ. ఇంటి పేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని ఊరికే అన్నారా?

ఫోను పెట్టేసి, "రా బిడ్డా, తిన్నవా?" అని తల నిమిరాడు. ఆ చేతికి ఆముదం వాసన లేదు. ఆయన ఎందుకు ముట్టుకుంటాడు, ముట్టుకోవడానికి సాయిలున్నాడు కదా. అయినా ఆమె తల వెనక్కి లాక్కుంది. స్కూలు ఫీజు కట్టడానికి వేలు పట్టుకొని తీసుకెళ్లిన చెయ్యి అది. దాని కింద తల పెట్టలేకపోవడం ఆమెకు అదే మొదటిసారి.

పగిలిన ముక్కలు గద్దె మీద పోసింది. మున్నీ సంగతి, డ్రమ్ము సంగతి, ఆముదం సంగతి అన్నీ వరసగా చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. బిళ్ల పట్టుకుంటే చేతికి మసి అంటుతోందని గిరాకీలు మొహం తిప్పుకున్నారట, అందుకే నూనె పట్టించాడట. చార్మినార్ దగ్గర ముత్యమైనా పాలిష్ లేకుండా ఎవడు కొంటాడని ఎదురు అడిగాడు. సరుకంటే మెరవాలట. పైన పటారం, లోన లొటారం!

"సరే, తెలువక చేసినవు అనుకుందాం. వాపసు వచ్చినయి ఎందుకు కడుగుతున్నరు పెద్దబాపూ?"

ఆయన ఊదుబత్తీ బూడిద దులిపాడు.

ఆ గదిలోనే మూలకు, గిరాకీలకు చూపించడానికి పెట్టిన గాజు డబ్బా ఉంది. మెరిసే బిళ్లలు, పైన నీళ్లు, కింద కుళాయి. హరిచందన అక్కడికి వెళ్లి స్టీలు గ్లాసు నిండా పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టింది. నీళ్ల మీద చిన్న చిన్న నూనె కళ్లు తేలుతున్నాయి. వెంకటనారాయణ ఆ గ్లాసును చూశాడు, ఆమెను చూశాడు, వాకిలి వైపు చూశాడు. తేలు కుట్టిన దొంగ మొహం ఎలా ఉంటుందో ఆమెకు ఆ పూట తెలిసింది.

"ఇప్పుడే తాగిన బిడ్డా" అన్నాడు.

నిజమే, తాగాడు. గద్దె పక్కనే ఫ్లాస్కు ఉంది. పెద్దమ్మ లక్ష్మీకాంతమ్మ రోజూ పొద్దున కాచి చల్లార్చి పంపే నీళ్లు. ఆ ఫ్లాస్కు హరిచందన ఎప్పుడూ చూసేదే. ముసలాయనకు అలవాటు అనుకునేది. ఇవాళ మాత్రం దాన్ని చూస్తుంటే డ్రమ్ములోని జిగురు చూసినప్పటికంటే ఎక్కువ రోత వేసింది.

థూ, ఏం మనిషి! తెలియక చేసినవాడికి ఒక దండం పెట్టి దారి చెప్పవచ్చు. వీడికి అన్నీ తెలుసు. బుట్టలు జిగురు కట్టి వాపసు వస్తుంటే ముక్కు మూసుకొని కడిగించాడు, మళ్లీ నూనె రాయించాడు, మళ్లీ సంచికి ఎత్తించి మళ్లీ అమ్మాడు. తాను మాత్రం కాచిన నీళ్లు తాగుతూ కూర్చున్నాడు.

దొరికిపోయినవాడు మెత్తబడతాడని అనుకుంటాం. ఆయన మెత్తబడలేదు, గొంతు మాత్రం తగ్గించాడు.

"లొల్లి చెయ్యకు చందనా. మన బిళ్ల లేనప్పుడు వాళ్లు ఏం గంగనీళ్లు తాగిండ్రా? గదే మోరీ, గదే నల్లా. మనం కొత్తగ కలిపిందేమున్నది?"

"అప్పుడు కాచుకొని తాగిండ్రు" అంది ఆమె. "నా మాట మీద కాచుడు బంద్ చేసిండ్రు. మోరీ నువ్వు కలపలే పెద్దబాపూ. పొయ్యి ఆర్పినవు. నాతోని ఆర్పించినవు."

ఆయన ఫ్లాస్కు మూత బిగించాడు. తరవాత, పండగ వెళ్లిపోనీ, సోమవారం అందరికీ సరుకు మార్చి ఇద్దాం, ఇప్పుడు నోరు విప్పితే గంజ్‌లో పేరు పోతుంది, నీ షెడ్డూ పోతుంది అని బుజ్జగించాడు. బెదిరింపో, బుజ్జగింపో తెలియకుండా మాట్లాడటం ఆయనకు గద్దె నేర్పిన విద్య.

హరిచందన వినడం ఎప్పుడో మానేసింది. పండగ అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. పందిరి. గౌలిపురా మలుపు. బోనాలకు వచ్చే జనమంతా అటే నడుస్తారు.

"పందిట్ల ట్యాంకులకు ఏం బిళ్లలు పోయినయి?"

"పొద్దుగాలనే పంపిన. నీళ్లు గూడ నింపిండ్రు." ఇంత జరిగాక కూడా ఆయన గొంతులో కొంచెం గొప్ప వినిపించింది. "బ్యానర్ల నీ ఫొటో పెట్టించిన బిడ్డా. గౌను, టోపీ ఏసుకున్నది. మీ గల్లీ పిల్ల చేసిందంటే జనం నమ్ముతరు గద."

ఆమె వచ్చిన దారినే పరుగెత్తింది. గడప దగ్గర సాయిలు ఏదో అడగబోయాడు. ఆగలేదు, ఆ గుట్టను ముట్టవద్దని మాత్రం అరిచి చెప్పింది.

ఆటోలో కూర్చొని చంద్రమ్మ నంబరుకు చేసింది. ఆ ఇంటికంతా అదొక్కటే ఫోను. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. మదీనా చౌరస్తా దగ్గర బండ్లు ఇంచు కదలలేదు. చార్మినార్ కనిపించగానే ఆటో దిగేసి, గాజుల దుకాణాల ముందు గుంపును తోసుకుంటూ నడిచింది. ఎవరో తిట్టారు. ఎవరో "ఆరామ్ సే బేటీ" అని నెమ్మదిగా వెళ్లమన్నారు. వాన నీళ్లలో చెప్పు ఒకటి జారిపోతే రెండోది కూడా వదిలేసింది. పాదాల కింద ఆ బురద ఏమిటో, దేంట్లోంచి పొంగి వచ్చిందో ఆలోచించకుండా నడవడం ఆమెకు చేతకాలేదు. 

గౌలిపురా మలుపులో డప్పులు చెవులు పగలగొడుతున్నాయి. రేపటి పండగకు ఇవాళే పోరగాళ్లు పోతరాజు ఆట సాధన చేస్తున్నారు. వేపమండల తోరణాలు, పసుపు నీళ్ల వాసన, దాని మధ్య రంగు గుడ్డల పందిరి. పందిరి మీద ఇల్లంత బ్యానరు. ఒక పక్క దండం పెడుతున్న వెంకటనారాయణ, మరో పక్క డిగ్రీ పట్టుకొని నవ్వుతున్న హరిచందన. ఆ నవ్వు కిందనే నల్ల ట్యాంకు, గొలుసులు కట్టిన గ్లాసులు, వరసగా జనం. ఒక తల్లి గ్లాసు వంచి చంటిపిల్లకు గుక్క గుక్కగా తాగిస్తోంది.

హరిచందన ఆ గ్లాసు లాగి నేల మీద పారబోసింది. కుళాయి కట్టేసి దానికి అడ్డంగా నిలబడింది. ఈ నీళ్లు తాగొద్దని అరిచింది. డప్పుల మోతలో ఎవరికీ వినపడలేదు. వినపడినవాళ్లు బ్యానరు వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూశారు. ఆ నవ్వే మొహానికీ, బురద కాళ్లతో జుట్టు రేగి ఉన్న ఈ మొహానికీ పోలిక వారికి తొందరగా అందలేదు.

వరస పక్క నుంచి శివయ్య ముందుకు వచ్చాడు. ఆమెను చూడగానే ఆయన మొహం వెలిగింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆ మనిషి నవ్వడం.

"మంచి బిళ్లలు తెస్త అంటివి, గింత జల్దీ తెస్తవనుకోలే బిడ్డా" అన్నాడు. పొద్దున డ్రమ్ము పారబోసిన సంగతి గల్లీ అందరికీ చెప్పాడట. కొత్త బిళ్లలు ఇక్కడ పెట్టారని, హరిచందన బొమ్మ కూడా ఉందని తెలిసి అందరినీ ఇటే పంపాడట.

 చంద్రమ్మ ఏదని హరిచందన అడిగింది.

"గిప్పుడే అన్నం తీస్కపోను వచ్చి పోయింది. సీసల గీ నీళ్లే పట్కపోయింది పిల్లకు. కాచిన నీళ్లే తాపుండ్రి అని డాక్టరు చెప్పిండు, చెప్పలేదని కాదు. కాచిన నీళ్లకన్న మా చందనమ్మ నీళ్లే మేలు అన్నది."

ఆమె మళ్లీ ఫోను తీసి, చంద్రమ్మ నంబరు నొక్కి, చెవికి ఆనించుకుంది. డప్పులు ఒక్క క్షణం ఆగాయి. ఎదురుగా, శివయ్య చొక్కా జేబులో, ఫోను మోగుతోంది.